1,155 మ్యాచ్‌లు ఆడాక... ఒక్క ఛాన్స్!

ముందు ఒక చిన్న లెక్క. ఆదివారం, పండగ అనకుండా రోజుకో మ్యాచ్ ఆడినా 1,155 మ్యాచ్‌లు పూర్తవడానికి మూడేళ్లు దాటుతుంది. డ్రూ మ్యాజీ అనే అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు అన్ని మ్యాచ్‌లూ ఆడాడు. అన్నీ చిన్న ఊళ్లలో, చిన్న స్టేడియాల్లో, చిన్న జీతానికి. టీవీలో కనిపించే పెద్ద లీగ్‌లో మాత్రం అప్పటికి ఒక్కటంటే ఒక్క మ్యాచ్ కూడా లేదు.

తర్వాత 33 ఏళ్ల వయసులో పిలుపు వచ్చింది. వెళ్లాడు. నిలబడ్డాడు. అవుటయ్యాడు. స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది!

అవుటైనవాడికి చప్పట్లేంటి అంటారా? నాకూ అదే డౌటొచ్చింది. పిట్స్‌బర్గ్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఆ వీడియో పంపితే, అది పట్టుకుని కథ మొత్తం తవ్వాను. పిట్స్‌బర్గ్ అనగానే మా ఇంట్లో పెద్దవాళ్లకి పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. మా తమ్ముడికి మాత్రం పైరేట్స్ టీమ్. ఈ కథ ఆ టీమ్‌దే.

అన్నట్టు ఇతని ఇంటిపేరు స్పెల్లింగ్ మన నూడుల్స్ ప్యాకెట్ మీద ఉన్నదే. పలకడం మాత్రం 'మ్యాజీ'. కాస్త సాగదీస్తే మన 'మాజీ' అయిపోతుంది. పాపం, అసలు ఆటగాడు అనిపించుకోకుండానే మాజీ అయిపోయేవాడే!

మైనర్ లీగ్ అంటే ఏంటి?

మన రంజీ లాంటిదే అనుకుంటే సగం అర్థమైనట్టే. మిగతా సగం చెబుతాను.

అమెరికాలో పెద్ద బేస్‌బాల్ అంటే మేజర్ లీగ్. అందులో 30 టీమ్‌లు. ఒక్కో టీమ్ రోజువారీ జట్టులో 26 మంది. అంటే మామూలుగా మొత్తం 780 కుర్చీలు. ఆ కుర్చీల కింద మెట్లుంటాయి. ఒక్కో పెద్ద టీమ్‌కీ అనుబంధంగా నాలుగు చిన్న టీమ్‌లు: లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. మొత్తం 120 టీమ్‌లు. ఇంకా కింద కొత్త కుర్రాళ్లకి ఓనమాలు దిద్దించే లీగ్‌లు వేరే. కొత్తగా చేరినవాడు కింది మెట్టు నుంచి ఎక్కుతూ రావాలి.

రంజీకి దీనికి తేడా ఎక్కడంటే, ఇక్కడ ఆటగాడు క్లబ్‌కి కట్టుబడి ఉంటాడు. మ్యాజీ చేరిన రోజుల్లో అయితే మొదటి ఒప్పందం దాదాపు ఏడు సీజన్లు నడిచేది. ఏ ఊళ్లో ఆడాలో, ఏ మెట్టు మీద ఉండాలో అంతా క్లబ్ ఇష్టం. నిన్న ఒక ఊళ్లో, రేపు ఇంకో రాష్ట్రంలో. సూట్‌కేస్ ఎప్పుడూ సగం సర్దే ఉండాలి.

మ్యాజీ అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఆడాడు. 2010 డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్‌లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో, పైరేట్స్ అతన్ని 15వ రౌండ్‌లో తీసుకుంది. అప్పట్లో డ్రాఫ్ట్ 50 రౌండ్లు సాగేది. మొదటి రౌండ్ కుర్రాడికి కోట్లు వస్తాయి, కెమెరాలు వస్తాయి. 15వ రౌండ్ కుర్రాడికి బస్ టికెట్ వస్తుంది. క్లబ్ పెట్టిన డబ్బు తక్కువ కాబట్టి ఎదురుచూసే ఓపిక కూడా తక్కువే. పెద్ద మొత్తం పోసి కొన్నవాడు రెండేళ్లు ఆడకపోయినా ఛాన్సులిస్తారు. ఇతను మాత్రం ప్రతి నెలా తనెందుకు కావాలో రుజువు చేసుకుంటూనే ఉండాలి.

ఎక్కడ పెడితే అక్కడ ఆడేవాడు

బేస్‌బాల్ మైదానంలో లోపలి మట్టి భాగాన్ని ఇన్‌ఫీల్డ్ అంటారు. అక్కడ నలుగురు కాపలా ఉంటారు: ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌ల దగ్గర ముగ్గురు, సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య షార్ట్‌స్టాప్. బంతి బుల్లెట్‌లా నేల మీద దూసుకొస్తుంది. పట్టాలి, లేవాలి, విసరాలి. క్రికెట్‌లో పాయింట్‌లో నిలబడి రనౌట్ చేస్తాం చూడండి, అలాంటివి ఒక్క మ్యాచ్‌లోనే ఎన్నో.

మ్యాజీ ఆ నలుగురిలో ఎవరి స్థానంలోనైనా ఆడగలడు. అవసరమైతే వెనక అవుట్‌ఫీల్డ్‌లోకి కూడా వెళ్తాడు. వినడానికి బాగుంది కదా? ఇందులో ఒక మెలిక ఉంది. అన్ని పనులూ వచ్చినవాడు ప్రతి చోటా 'ఉంటే మంచిదే' అనిపిస్తాడు. 'ఇతను లేకపోతే నడవదు' అని ఎక్కడా అనిపించడు. ఆఫీసులో అందరి పనీ అందుకునే మనిషికి ప్రమోషన్ రాకపోవడం మనం చూడలేదా? అలాగే.

పైరేట్స్ వదిలేశాక ఏంజెల్స్, డాడ్జర్స్, క్లీవ్‌లాండ్, మిన్నెసోటా ట్విన్స్, ఫిలడెల్ఫియా... ఇలా క్లబ్‌లు మారుతూ పోయాడు. 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగ్ సీజన్ మొత్తం రద్దయింది. ముప్పై దాటినవాడికి ఒక ఏడాది ఊరికే పోవడం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

పిలిచారు... కూర్చోబెట్టారు

2021 సెప్టెంబర్‌లో మొదటిసారి తలుపు తెరుచుకుంది. ట్విన్స్ అతన్ని పెద్ద జట్టులోకి పిలిచింది. పెద్ద లీగ్ జెర్సీ వేసుకున్నాడు. డగౌట్‌లో కూర్చున్నాడు. కొన్ని రోజులు గడిచాయి. ఒక్క బంతి కూడా ఆడించకుండానే మళ్లీ కిందికి పంపేశారు.

బేస్‌బాల్‌లో ఇలాంటివాళ్లకి ఒక పేరుంది. దెయ్యం ఆటగాళ్లు అంటారు. జట్టు లిస్టులో పేరుంటుంది, రికార్డు పుస్తకంలో ఉండదు. పెద్ద లీగ్ చరిత్ర 1876 నుంచి లెక్కిస్తే ఇప్పటిదాకా ఆడినవాళ్లు సుమారు 23 వేల మంది. ఆ జాబితాలో పేరెక్కాలంటే కనీసం ఒక్క క్షణం మైదానంలోకి దిగాలి. జెర్సీ వేసుకుంటే చాలదు.

పెళ్లిపందిట్లోకి పిలిచి, విస్తరి వేసి, వడ్డించకుండా లేపేసినట్టు. అదీ పరిస్థితి. నేనైతే ఆ రోజే కిట్ అమ్మేసేవాణ్ణేమో. అతను మాత్రం 2022లోనూ ఆడాడు. 2023 నాటికి పైరేట్స్ డబుల్-ఏ టీమ్ అయిన అల్టూనా కర్వ్‌కి చేరాడు. అంటే 13 ఏళ్లు తిరిగి మొదలుపెట్టిన క్లబ్‌కే, అదీ పైనుంచి రెండో మెట్టు దగ్గరికే!

అల్టూనా పెన్సిల్వేనియాలో ఒక రైల్వే ఊరు. కొండ మలుపులో గుర్రపు నాడా ఆకారంలో తిరిగే రైలు పట్టాలకి ఆ ఊరు ఫేమస్. టీమ్‌కి ఆ పేరు అందుకే. స్టేడియంలో కుడివైపు గోడ వెనక రోలర్ కోస్టర్ కనిపిస్తుంటుంది. అక్కడి నుంచి పిట్స్‌బర్గ్ దాదాపు 160 కిలోమీటర్లు. కారులో రెండు గంటలకు అటూఇటుగా. మ్యాజీకి పట్టింది 13 సీజన్లు.

ఇతన్ని ఇన్నేళ్లు ఆపిందెవరు?

ఇక్కడ మనం డబ్బు గురించి మాట్లాడుకోవాలి. మోటివేషన్ రీల్స్‌లో ఈ భాగం ఎప్పుడూ కట్ చేసేస్తారు.

2020 వరకు డబుల్-ఏ ఆటగాడి కనీస జీతం వారానికి 350 డాలర్లు. కింది మెట్ల మీద 290. అదీ సీజన్ నడిచే నెలల్లోనే. చలికాలంలో ఏమీ రాదు. ఆఖరికి సీజన్ ముందు ట్రైనింగ్ రోజులకి కూడా జీతం ఉండేది కాదు. డబుల్-ఏలో ఏడాది మొత్తం కలిపితే ఎనిమిది వేల డాలర్లు కూడా కష్టమే. అమెరికాలో దాంతో అద్దె కూడా గడవదు. అందుకే ఒక అపార్ట్‌మెంట్‌లో ఐదారుగురు నేల మీద పరుపులేసుకుని పడుకునేవాళ్లు. సీజన్ అయిపోతే డెలివరీ పనులు, పిల్లలకి కోచింగ్‌లు, గోడౌన్లలో కూలి.

పైగా 2018లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం మైనర్ లీగ్ ఆటగాళ్లకి వారానికి 40 గంటలకి మించి పనిచేసినా కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదు. చట్టం పేరు వింటే నవ్వొస్తుంది. 'అమెరికా ఆటను కాపాడే చట్టం' అట!

మరి ఏం మారింది? కోర్టు, యూనియన్. ఈ రెండూ కలిసి మార్చాయి. 2014లో ఆరోన్ సెన్ అనే మాజీ మైనర్ లీగ్ ఆటగాడి పేరు మీద జీతాల కేసు పడింది. దాన్ని నడిపించిన లాయర్లలో గారెట్ బ్రోషుయిస్ ఒకడు. అతనూ ఒకప్పటి మైనర్ లీగ్ పిచ్చరే. చిన్న టీమ్‌ల బస్సుల్లో తిరిగి తిరిగి, ఆట మానేసి లా చదివాడు. 2022లో ఆ కేసు 18.5 కోట్ల డాలర్లకి సెటిల్ అయింది. అదే ఏడాది నుంచి క్లబ్‌లే వసతి ఇవ్వడం మొదలుపెట్టాయి. అదే సెప్టెంబర్‌లో చిన్న లీగ్ ఆటగాళ్లు పెద్ద లీగ్ యూనియన్‌లో చేరారు. 2023 వసంతంలో మొదటి ఒప్పందం కుదిరింది. డబుల్-ఏ కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్ల నుంచి 30,250కి పెరిగింది. ట్రిపుల్-ఏలో 35,800.

ఇప్పుడు పైన చూడండి. అదే 2023లో మేజర్ లీగ్ కనీస జీతం 7,20,000 డాలర్లు. సీజన్ 186 రోజులు. భాగించి చూస్తే రోజుకి దాదాపు 3,870. అంటే పెంచిన తర్వాత కూడా డబుల్-ఏలో ఏడాదంతా సంపాదించేది పైన ఎనిమిది రోజుల్లో వచ్చేస్తుంది! రెండు ప్రపంచాల మధ్య దూరం 160 కిలోమీటర్లే.

ఆ తేడానే ఈ వ్యవస్థకి ఇంధనం. పైన కుర్చీ అంత మెత్తగా ఉండబట్టే కింద వేలమంది నేల మీద పడుకోవడానికి ఒప్పుకున్నారు.

ఏప్రిల్ 26, 2023

ఏప్రిల్ 23న పైరేట్స్ స్టార్ బ్రయాన్ రేనాల్డ్స్ కుటుంబ కారణాలతో సెలవు మీద వెళ్లాడు. ఒక కుర్చీ ఖాళీ. అల్టూనా మేనేజర్ కాలిక్స్ క్రాబ్ ఆటగాళ్లందర్నీ కూర్చోబెట్టి మీటింగ్ పెట్టాడు. ఏదో మామూలు విషయంలా మొదలుపెట్టి, చివర్లో మ్యాజీ పైకి వెళ్తున్నాడని చెప్పాడు. గది ఒక్కసారిగా పేలిపోయింది. కుర్రాళ్లంతా మీద పడిపోయారు. వాళ్లలో చాలామంది అతనికంటే పదేళ్లు చిన్నవాళ్లు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది.

తర్వాత ఏమైంది? మళ్లీ బెంచి. ఒక రోజు, రెండు రోజులు. 2021 తెలిసినవాళ్లకి గుండె దడ. మళ్లీ కూర్చోబెట్టి పంపేస్తారా?

మూడో రోజు బుధవారం. పిట్స్‌బర్గ్‌లోని పీఎన్‌సీ పార్క్. ఎదురుగా డాడ్జర్స్, ఒకప్పుడు ఇతన్ని చిన్న లీగ్‌లో ఆడించిన క్లబ్. ఎనిమిదో ఇన్నింగ్స్. పైరేట్స్ హాయిగా ముందుంది. బ్యాటింగ్‌కి రావాల్సింది ఆండ్రూ మెకచెన్, ఆ ఊరు నెత్తిన పెట్టుకునే హీరో. అతని బదులు మ్యాజీ వచ్చాడు. తమ ఆరాధ్య ఆటగాడిని బయట కూర్చోబెడితే మామూలుగా జనం గోల చేస్తారు. ఆ రాత్రి లేచి నిలబడ్డారు. పేరు పట్టి అరిచారు.

బౌలింగ్ లాంటిదే అక్కడ పిచింగ్. వేసేవాడు అలెక్స్ వెసియా, ఎడమచేతి వాటం. మూడు స్ట్రయిక్‌లు పడ్డాయి. అవుట్. సినిమా అయితే ఇక్కడ సిక్సర్ పెట్టేవాళ్లు. జీవితంలో స్ట్రయికౌట్ పడింది. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

అసలు విషయం ఏంటంటే, రికార్డు పుస్తకానికి హిట్ అయినా అవుట్ అయినా ఒకటే. ఆడాడు, అంతే. ఆ స్ట్రయికౌట్‌తో అతను దెయ్యం కాకుండా మనిషయ్యాడు.

మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 29న వాషింగ్టన్‌లో ఒకేరోజు రెండు మ్యాచ్‌లు. రెండోదాంట్లో మొదటి హిట్ కొట్టాడు, దాంతో ఒక పరుగు కూడా వచ్చింది. ఆ ఏడాది పెద్ద లీగ్‌లో మొత్తం ఆరుసార్లు బ్యాట్ పట్టి రెండు హిట్లు సాధించాడు. బేస్‌బాల్ భాషలో సగటు .333. ఏడాది పొడవునా .300 నిలబెట్టుకుంటే గొప్ప బ్యాటర్ అంటారు.

కొద్ది రోజులకే మళ్లీ కిందికి పంపేశారు.

మనకీ తెలిసిన కథే

ఇలాంటివాళ్లు మనకి కొత్తేం కాదు. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో ఆంధ్ర మీద హైదరాబాద్ 6 వికెట్లకి 944 పరుగులు చేసింది. అందులో ఎం.వి.శ్రీధర్‌వే 366. ఆయన చదివింది డాక్టర్ చదువు. ఇండియా క్యాప్ మాత్రం రాలేదు. ముంబయి అమోల్ మజుందార్ ఫస్ట్‌క్లాస్‌లో 11,167 పరుగులు చేశాడు. ఇండియాకి ఒక్క మ్యాచ్ లేదు. 2025లో మన అమ్మాయిలు వరల్డ్ కప్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే.

పైరేట్స్‌తో కూడా మనవాళ్లకి ఒక చుట్టరికం ఉంది. 2008లో ఒక రియాల్టీ షోలో బంతి వేగంగా విసిరినందుకు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేష్ పటేల్‌ని ఒప్పందం చేసుకున్నది ఈ క్లబ్బే. మన ఐపీఎల్ రింకూ కాదు, వేరే అతను. దినేష్ రెండేళ్లకే ఇంటికొచ్చేశాడు. రింకూ గాయాలతో పోరాడుతూ మరికొన్నాళ్లు చిన్న లీగ్‌లో ఉన్నాడు. పైకి వెళ్లలేదు. వాళ్ల మీద 2014లో డిస్నీ సినిమా తీసింది, సంగీతం ఏ.ఆర్.రెహమాన్. ఆ రింకూనే తర్వాత కుస్తీ షోల్లో వీర్ మహాన్‌గా కనిపించాడు. అదీ ఒక కెరీరే. టికెట్ కొన్న రైలు రాకపోతే వేరే రైలెక్కాడు.

మరి ఎప్పుడు ఆపాలి?

ఈ ప్రశ్న నాకు మామూలు ప్రశ్న కాదు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ఆరేళ్లుగా చదువుతున్న స్నేహితుడున్నాడు. కృష్ణానగర్‌లో పదేళ్లుగా డైరెక్టర్ ఛాన్స్ కోసం తిరుగుతున్నవాడు ఇంకొకడు. మ్యాజీ వీడియో వాళ్లకి ఫార్వర్డ్ చేసి 'చూశావా, ఓపిక పడితే వస్తుంది' అని రాయొచ్చు. నేను రాయలేదు.

ఎందుకంటే అది నిజం కాదు. ఓపిక పట్టినవాళ్లందరికీ వస్తే 780 కుర్చీలు సరిపోవు. ఇతని వీడియో మన ఫోన్‌లోకి రావడానికి కారణమే ఇలా అరుదుగా జరుగుతుంది కాబట్టి. అతని పక్క లాకర్‌లో బట్టలు మార్చుకుని, ఐదో ఏడో, ఎనిమిదో ఏడో ఇంటికెళ్లిపోయిన వందలమంది వీడియోలు ఎవరూ తీయలేదు. వాళ్లకి ఓపిక తక్కువై వెళ్లారని ఎలా అంటాం? పెళ్లయి ఉంటుంది, అప్పయి ఉంటుంది, మోకాలు పోయి ఉంటుంది.

అలాగని మ్యాజీ పిచ్చివాడూ కాదు. నాకు అతని కథలో నచ్చింది పిలుపు రావడం కాదు, పిలుపు రాని 1,155 రోజుల్లో బాగా ఆడటం. కింది లీగ్‌లో కూడా ఊరికే ఎవర్నీ ఉంచరు. ప్రతి ఏడాదీ ఏదో ఒక క్లబ్ అతనికి చోటిచ్చిందంటే, ప్రతి ఏడాదీ పనికొచ్చాడనే అర్థం. అతను వెయిటింగ్ హాల్లో కూర్చోలేదు. ఆట ఆడుతూనే ఉన్నాడు. అల్టూనాలో టికెట్ కొనుక్కుని వచ్చిన పిల్లాడికి అది అసలు బేస్‌బాలే, రిహార్సల్ కాదు.

కాబట్టి నా స్నేహితులకి నేను పంపగలిగే ప్రశ్నలు రెండే. ఒకటి, పిలుపు రాకపోయినా ఈ రోజు చేస్తున్న పని నీకు పనిలా ఉందా, లేక ఎదురుచూపులా మాత్రమే ఉందా? రెండు, నీ కలకి ఖర్చు ఎవరు కడుతున్నారు? మ్యాజీ తరం కలకి వాళ్లే కట్టుకున్నారు, లాభం క్లబ్‌లు తీసుకున్నాయి. దాన్ని మార్చింది ఒక్కడి ఓపిక కాదు, అందరూ కలిసి పెట్టిన సంతకాలు. మీ ఇంట్లో అయితే నాన్న పెన్షన్ కట్టొచ్చు, అక్క జీతం కట్టొచ్చు. కట్టేవాళ్లకి ఆ సంగతి తెలియాలి. లెక్క వాళ్ల ముందు పెట్టాలి.

ఈ రెండిటికీ జవాబు దొరికితే ఇంకో ఏడాది ఆడొచ్చు. దొరక్కపోతే ఇంటికెళ్లడంలో కూడా నామోషీ ఏమీ లేదు.

మ్యాజీ విషయానికొస్తే, పైనుంచి కిందికి పంపాక బ్యాగు సర్దుకుని చిన్న లీగ్‌కే వెళ్లాడు. గ్లవ్ తొడుక్కుని మళ్లీ మట్టి మీద నిలబడ్డాడు. అది అతని 1,156వ మ్యాచ్.